వాగు శుభ్రం పన్ను

సర్పంచ్ లక్ష్మీరాజం రంగుల షెడ్డు బండలపేట రేవుకు ఎగువన ఉండె. నూలుకు రంగు అద్దంగ మిగిలిన నీళ్లన్నీ కాలువ పట్టి వాగుల కలిసేవి. ఊళ్లె బర్రెలు పొద్దున నల్లగ వాగుల దిగి, పొద్దుమీకి పచ్చగ ఇంటికొచ్చేవి. ఒక బర్రె గులాబి రంగుల ఇల్లు చేరితే, గుర్తువట్టక కొట్టంల కట్టెయ్యలేదట. అది వాకిట్ల నిలవడి ఇంటాయనను పేరు పెట్టి పిలిచిందని చెప్పేటోళ్లు ఇంకా ఉన్నరు.

బర్రెల సంగతి ఏమో గని, చాకలి సాంబయ్య బతుకంత ఆ రేవుల ఉన్నది. పంట ఇంటికొచ్చినప్పుడు ఊరోళ్లు కొలిచే గింజలే ఏడాది తిండి. మరక బట్టకు గింజలు రాలయని అప్పటికే నలుగురు మొకం మీదనే అన్నరు.

సాంబయ్య పంచాయితి కూసున్న నాడు పోయి చేతులు కట్టుకున్నడు.

"సావుకారీ, మీ కాలువ జర రేవుకు దిగువకు మళ్లిస్తె నా బతుకు నిలవడుతది."

లక్ష్మీరాజం మీసం దువ్వుకున్నడు. "మంచి సమయానికొచ్చినవ్ సాంబిగా. వాగు శుభ్రంగ ఉన్న ఊరికి ఖానాపూర్ సమితి గ్రాంటు ఇస్తదట. మొదలు పంచాయితి తన వాటా జమచెయ్యాలె. వాగును ఎవరు వాడుకుంటుండ్రో వాళ్లే కట్టాలె గద?"

"ఎవరు వాడుకుంటుండ్రు?" అన్నడు ఉపసర్పంచ్ హనుమండ్లు, ఏం తెలియనట్టు.

"వీడే. పొద్దుందాక దాంట్లనే నిలవడుతడు. బట్టలకు పెట్టే సవుడు మన్ను కలిపి ఖరాబు చేసేది గూడ వీడే."

మెంబర్లందరు చేతులెత్తిండ్రు. అట్ల ఊరంతటికి ఒక్క మనిషి మీద వాగు శుభ్రం పన్ను పడ్డది. వాటా జమచెయ్యంగ మిగిలిన పైసలతోని 'వాగును శుభ్రంగా ఉంచండి' అని గట్టున బోర్డు పాతిండ్రు. దాని మీద రాసే రంగు సర్పంచ్ షెడ్డులనే కొన్నరు.

"పన్ను కట్టినవ్ గద, వాగు నీ పేరున రాసియ్యమను," అన్నది సాంబయ్య పెండ్లాం ఐలవ్వ, మూట విప్పుకుంట. "బోర్డు గూడ ఉతుకుమంటరు రేపు."

సమితి ఆఫీసరు వాగు చూడొస్తుండని కబురొచ్చింది. మెంబర్లు తమ ధోవతులు, అంగీలు, రుమాళ్లు అన్నీ మూటగట్టి రేవుకు పంపిండ్రు. సారు ముందర పాలలెక్క మెరవాలట. అదే పూట లక్ష్మీరాజానికి తెలివి పుట్టింది. సారు వచ్చేటాళ్లకు షెడ్డుల రంగు చుక్క కనిపించొద్దని, ఉన్న గాబులన్నీ ఒక్కపారి కాలువల బోర్లిచ్చిండు.

సాంబయ్య మోకాళ్లలోతు నీళ్లల్ల నిలవడి, సర్పంచ్ ధోవతి జాడిస్తుండు. ఎగువ నుంచి ఎరుపు వచ్చింది, దాని వెనుక నీలం, ఆ వెనుక పసుపు. గుంజుకునేటాళ్లకే అయిపోయింది. బండకు ఎంత బాదినా రంగు పోలే, బండకు గూడ అంటుకున్నది.

మరునాడు ఇంట్ల వేరే బట్ట లేక మెంబర్లు వాటితోనే సారు ముందరికి రావలసి వచ్చింది. లక్ష్మీరాజం ఎర్ర ధోవతి మీద నీలం అంగీ తొడిగిండు. హనుమండ్లు రుమాలు పచ్చగ మెరుస్తున్నది.

ఆఫీసరు కళ్లద్దాలు తుడుచుకుని, "భాగోతం ఏమన్న పెట్టిండ్రా?" అన్నడు.

"మా ఊరి కొత్త నేత, సార్," అన్నడు లక్ష్మీరాజం అంగీ సర్దుకుంట.

రాత్రికే రంగంత కొట్టుకపోయి నీళ్లు తేటగ ఉన్నయి. ఆఫీసరు బోర్డు చదివి, చాయ తాగి, వాగు శుభ్రంగ ఉన్నదని రాసి జీపు ఎక్కిండు.

దుమ్ము అణగక ముందే సాంబయ్యను పిలిపిచ్చిండ్రు.

"బట్టలన్నీ ఖరాబు చేసినవ్. ఈ పంటకు నీకు గింజ లేదు," అన్నడు హనుమండ్లు.

సాంబయ్య ఈపారి చేతులు కట్టుకోలే.

"నేను పన్ను కట్టినోన్ని, పటేలా. వాగు శుభ్రంగ ఉన్నదని సమితి సారే రాసిండు. శుభ్రమైన నీళ్లల్లనే ఉతికిన. కాదంటరా? ఖానాపూర్ పోయి సారునే అడిగొస్త."

మెంబర్లకు సంగతి అర్థమైంది. కాదంటె గ్రాంటు పోతది.

"అంత దూరం ఎందుకురా," అన్నడు లక్ష్మీరాజం మెల్లగ. "బట్టలు మంచిగనే ఉన్నయి."

గ్రాంటు వచ్చింది. దాంతోని కాలువకు సిమెంటు పోసిండ్రు, రంగునీళ్లు ఎక్కడా ఆగకుంట జోరుగ వాగుల పడెటట్టు. ఆ పంటకు సాంబయ్యకు అందరికంటె ముందు గింజలు కొలిచింది మెంబర్లే, రంగురంగుల ధోవతుల్ల నిలవడి, మరక అనే మాట నోట రాకుంట.