అద్దె గొంతు

పాఠక మహాశయులారా, అమెరికాలో ప్లేనో అనే ఊళ్ళోని ఒక గెస్ట్‌హౌస్‌కు రండి. పేరు చూసి పొంగిపోకండి. అది రెండు పడకగదుల అపార్ట్‌మెంట్. అతిథులు ఆరుగురు. మర్యాదలు ఉప్మాతో మొదలై ఉప్మాతోనే ముగుస్తాయి. వీళ్ళంతా 'బెంచ్ మీద' ఉన్నారు, అంటే ఇంకా ప్రాజెక్ట్ దొరకలేదన్నమాట. బెంచ్ అనడమే గానీ ఆ ఇంట్లో కూర్చోడానికి కుర్చీ కూడా లేదు.

2006 జనవరి, ఉదయం పది గంటలు. హాల్లో కార్పెట్ మీద శ్రీహర్ష సెల్‌ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. "దిస్ ఈజ్ లోకేష్!" అన్నాడు దర్జాగా. అసలు లోకేష్ పక్కనే కూర్చుని ఉప్మా తింటున్నాడు.

ఆ ఇంట్లో దీన్ని మోసం అనరు, సాయం అంటారు. లోకేష్ రాసిన కోడ్‌కు వంక పెట్టేవాడు లేడు. సాఫ్ట్‌వేర్ వచ్చు, సాఫ్ట్‌గా నాలుగు మాటలే రావు. "నీ గురించి చెప్పు" అంటే చాలు, చెమటలు పడతాయి. అందుకే కన్సల్టెన్సీ నడిపే కృష్ణమోహన్ తేల్చేశాడు: "టెక్నికల్ నీది, టాకింగ్ వాడిది. జాయిన్ అయ్యాక ఎవడు అడుగుతాడ్రా?"

ఫోన్‌లో అవతల మిషిగన్‌లోని నోవై, అక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో మేనేజరు లిండా. హాబీలేమిటని అడిగింది. శ్రీహర్ష తడుముకోలేదు. "ఫిషింగ్!" అన్నాడు. ఆమె పకపకా నవ్వి, తామూ గడ్డకట్టిన చెరువుకు చిల్లు పెట్టి చేపలు పడతామన్నది. అరగంటలో ఉద్యోగం ఖాయమైంది.

"ఫిషింగ్ ఏంట్రా? నేను వెజిటేరియన్ రా!" అన్నాడు లోకేష్.

"పట్టమన్నాను గానీ తినమన్నానా మామా?"

నోవైలో చేరిన రోజే లిండా ఎదురొచ్చి, "ఫోన్‌లో భలే నవ్వించావు!" అంటూ చెయ్యి చాచింది. లోకేష్ గొంతు పట్టుకుని చూపించాడు. నొప్పి, మాట్లాడలేనని సైగ. మాట్లాడితే గొంతు తేడా తెలుస్తుంది. తెలిస్తే ప్రాజెక్ట్ పోతుంది, వెనకే వీసా పోయినా పోవచ్చు.

ఆ గొంతునొప్పి ఐదు వారాలైనా తగ్గలేదు. మంచు కురిసే ఊళ్ళో మంచీ చెడ్డా అడిగేవాళ్ళున్నా జవాబు చెప్పలేని బతుకు అతనిది. పక్క సీటువాడు గుడ్ మార్నింగ్ అంటే తల ఊపేవాడు. అందరూ కలిసి భోంచేసే గదికి వెళ్ళకుండా పార్కింగ్‌లో కారు హీటర్ వేసుకుని పెరుగన్నం తినేవాడు. అద్దాలు ఆవిరి పట్టి, కాసేపటికి బయట లోకమే కనబడేది కాదు. ఒకరోజు అతని బల్ల మీద గొంతు బిళ్ళల పొట్లం, 'త్వరగా తగ్గాలి' అని లిండా రాసిన చీటీ కనిపించాయి. ఆ చీటీ చదివాక అతనికి అన్నం సహించలేదు. ఆ అభిమానం తనకు చెందింది కాదు. ప్లేనోలో ఉన్న గొంతుకు రావలసింది.

ఆరో వారంలో లోకేష్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం పట్టి లిండాకు రాసి పంపాడు. సరుకు దిగకముందే దిగినట్టు కంప్యూటర్ చూపిస్తోంది. "గురువారం ఫ్యాక్టరీవాళ్ళకు నువ్వే వివరించాలి," అన్నది లిండా.

శ్రీహర్షకు ఫోన్ చేశాడు. "ఆ రోజు నేను ఆఫీసుకు రానంటాను. నా పేరుతో మీటింగ్‌లోకి డయల్ చేసి మాట్లాడరా, ప్లీజ్."

"కుదరదు మామా. గురువారం అదే టైమ్‌కి ఇంకో ఇంటర్వ్యూలో నేను రవికుమార్‌ని!"

ఇక దారిలేక మూడు మధ్యాహ్నాలు కారు అద్దానికి ఇంగ్లీషులో ఆ లోపం గురించి చెప్పుకున్నాడు. అద్దం ఎదురు ప్రశ్న వెయ్యదు, అదొక్కటే సుఖం.

గురువారం రానే వచ్చింది. కంఠతా పట్టిందంతా అప్పజెప్పాడు. ముప్పై ఏళ్ళుగా సరుకు దింపించే పెద్దాయన ఒకడు అడ్డుపడ్డాడు. "అబ్బాయ్, ఒక్క ముక్క అర్థం కాలేదు."

లోకేష్ పారిపోదామనుకున్నాడు. కానీ ఆ ముసలాయన ముఖంలో వెక్కిరింత లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది. "మీ దగ్గర లారీ వచ్చాక మొదట ఏం చేస్తారు?" అని అడిగాడు లోకేష్. ఆయన చెబుతుంటే బోర్డు మీద లారీ గీశాడు, గుమ్మం గీశాడు, తప్పు ఎక్కడ జరుగుతోందో అక్కడ చుక్క పెట్టాడు. "ఓహో!" అన్నాడాయన. గదంతా తలలు ఊపింది.

బయటికి వస్తుంటే లిండా అన్నది: "గొంతు వచ్చిందే! ఆదివారం చెరువు మీదికి రా, చేపలు పడదాం."

పిలిచింది తననా, ఫోన్‌లో నవ్వించిన శ్రీహర్షనా? ఆ ప్రశ్న అతన్ని నిలవనివ్వలేదు. ఆమె గదిలోకి వెళ్ళి తలుపు మూసి, ఉప్మాతో సహా ఉన్నదంతా చెప్పేశాడు.

లిండా లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. "ఇది పైవాళ్ళకు చెప్పక తప్పదు. రేపే నీకు ఆఖరి రోజు," అన్నది. తరువాత నెమ్మదిగా అన్నది: "ఇందాక మీటింగ్‌లో నువ్వు నోరు విప్పిన రెండు నిమిషాల్లోనే గొంతు వేరని అనుమానం వచ్చింది. అయినా నేను పిలిచింది చేపలవాణ్ణి కాదు, లారీ గీసినవాణ్ణి. కోడ్ రేపు ఎక్కడైనా చవగ్గా రాయిస్తారు. ఎదుటివాడికి అర్థం కాలేదని తెలిసి, ఆగి, అడిగి, మళ్ళీ చెప్పే మనిషే దొరకడు. అది నీకు వచ్చు. రాదనుకుని ఇంకొకరికి ఇచ్చేశావు."

ఆదివారం చెరువు దగ్గరకు అతను వెళ్ళలేదు. ప్లేనోకు తిరిగివెళ్తూ విమానంలో కూర్చున్నాడు.

మళ్ళీ అదే కార్పెట్, అదే ఉప్మా. మంగళవారం ఉదయం లోకేష్ కొత్త ఇంటర్వ్యూ కోసం ఫోన్ మోగింది. శ్రీహర్ష అలవాటుగా చెయ్యి చాచాడు.

"నాకివ్వు," అన్నాడు లోకేష్.

"నువ్వా? పోతుంది మామా!"

"పోతే నాదే పోతుంది."

ఫోన్ స్పీకర్‌లోంచి తీసి చెవికి ఆనించుకున్నాడు. అవతలి మనిషి, నీ గురించి చెప్పమన్నాడు. లోకేష్‌కు చెమట పట్టింది, మాట తడబడింది, అయినా చెప్పుకుంటూ పోయాడు. చదువుకున్న బిడ్డలారా, రేపటి కొలువు కోసం ఏ విద్యనైనా నేర్చుకోండి గానీ, మీ మాట మాత్రం మీరే మాట్లాడండి. తడబడినా సరే, అది మీదే.