సత్తుగిన్నె కింద ఊపిరి

నేను ఒక గొట్టపు ఫ్యానుని. ముందొక గొట్టం, వెనకొక గొట్టం తగిలించి మధ్యలో నన్ను బిగిస్తారు. ఒక వైపు గాలి పీల్చి ఇంకో వైపు వదలడం నా పని. ఎలాంటి గాలి పీల్చాలో మాత్రం నన్నెవరూ అడగలేదు.

మొదటి కొలువు ఒక ఫంక్షన్ హాలు మరుగుదొడ్లలో. ఆరేళ్లు చేశాను. బయట ఫోటోల్లో నవ్వే పెద్దమనుషులు లోపలికొచ్చి గోడ మీద కిళ్లీ ఉమ్మేవారు. కుళాయి తిప్పడానికి బద్ధకించి, అత్తరు పూసుకున్న చేతులు పట్టుపంచెకు తుడుచుకునేవారు. వెళ్తూ వెళ్తూ నావైపు చూసి "ఛీ, కంపు!" అనేవారు. కంపు నాది కాదు. వాళ్లు వదిలి పోయినదాన్ని నేను బయటికి మోసేదాన్ని.

హాలు కొత్తగా కట్టినప్పుడు నన్ను పీకి పాత సామాన్ల కొట్టులో పడేశారు. అక్కడ నా రెక్కల మధ్య బల్లి గుడ్లు పెట్టింది. అలాంటి స్థితిలో నన్ను చేతిలోకి తీసుకున్నాడు నరహరి. హనుమకొండలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి. వేలితో రెక్క తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంటికి తెచ్చి కిరసనాయిలుతో తుడిచి, కుంకుడు రసంలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రెక్కా రుద్దాడు. ముక్కు మూసుకోకుండా నన్ను తాకిన మొదటి మనిషి ఆయనే.

ఆయన ఇల్లు గుట్ట వాలులో ఉంది. వెనక గది గోడ నేరుగా రాతికి ఆనుకుంటుంది. ఎండాకాలంలో కూడా అక్కడ నేల చల్లగా ఉంటుంది. నరహరి భార్య వకులమ్మ ఇరవై ఏళ్లు ఆ గదిలోనే పడుకుంది. పొగ తాగని మనిషి, ఊపిరితిత్తుల కాన్సర్‌తో పోయింది. నాలుగేళ్ల తర్వాత, యూనివర్సిటీలో పనిచేసే స్నేహితుడొకడు రేడాన్ కొలిచే మీటరు ఇచ్చి చూడమన్నాడు. రేడాన్ అంటే రాతిలోంచి, మట్టిలోంచి ఊరే వాయువు. రంగు లేదు, వాసన లేదు. ఏళ్ల తరబడి పీలిస్తే అదే జబ్బు రావచ్చు. మూడు వందలు దాటకూడని మీటరు ఆ గదిలో ఆరు వందల నలభై చూపింది. వకులమ్మను తీసుకుపోయింది ఇదేనా అంటే ఎవరూ చెప్పలేరు. నరహరి ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. కానీ ఇప్పుడు ఆ గదిలో ఉంటున్నది ఆయన అక్క అండాళమ్మ.

"అక్కా, ముందు గదిలోకి మారు."

"మారను. నా దేవుడు అక్కడనే ఉన్నడు, నా కుంపటి అక్కడనే ఉన్నది. కనపడని గాలికి భయపడి నడి హాల్లో పండుకోమంటవా?"

"మీటరు ఉగాది దాకనే నా దగ్గర ఉంటది. అప్పటికి అంకె దిగకపోతే గదికి తాళం వేస్త."

"దించు మరి. ఇంత చదువు ఎందుకు చదివినవ్?"

పని తనే చేశాడు. గది మూలలో నేలకు కన్నం వేసి, కింద మట్టి తవ్వి తీసి గుంట చేశాడు. అందులో నాలుగంగుళాల గొట్టం దించి, చుట్టూ, నేల పగుళ్లలో సిమెంటు మసాలా పూసి మూశాడు. గొట్టాన్ని గోడ దాటించి డాబా మీదికి ఎక్కించి, అక్కడ నన్ను బిగించాడు. పైకి తేల్చాల్సిన గొట్టం తక్కువై ఛాతీ ఎత్తులోనే ఆగింది. "ఇంకో ముక్క తర్వాత అతికిస్త" అనుకున్నాడు. గదిలో ఆ గొట్టానికి ఒక సన్నటి వంపు గొట్టం తగిలించి, అందులో పసుపు నీళ్లు పోశాడు. నేను పీలుస్తున్నంతసేపూ ఒక వైపు నీళ్లు రెండు వేళ్లెత్తు పైకి నిలుస్తాయి. రెండు రోజుల్లో అంకె నూట పదికి దిగింది.

నా సంగతి ఎవరికి కావాలి? ఫంక్షన్ హాలు కంపు కనీసం తెలిసిన కంపు. ఇది తడిసి నానిన మట్టి, కుళ్లిన చెట్ల వేళ్లు, చచ్చిన జెర్రులు. రాత్రీ పగలూ దాన్నే మింగాలి.

అప్పుడే వడియాల రోజులొచ్చాయి. అండాళమ్మ తడిబట్ట కట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ డాబా ఎక్కింది. పాత చీర పరిచి మొదటి వరస పెట్టిందో లేదో, నా గాలి ఆమె మొహానికి కొట్టింది.

"ఛీ! పాతాళం గాలి నా వడియాల మీద ఊదుతున్నది. అండ్లనూ పాయిఖాన ఫ్యాను!"

నా పూర్వకథ నరహరే ఆమెకు చెప్పాడు. బుద్ధిమంతుడు. ఆమె పిండి తెచ్చిన సత్తుగిన్నెను గొట్టం మూతి మీద బోర్లించి, చుట్టూ గుడ్డ చుట్టి తాడుతో కట్టేసింది. కిందికి దిగి, "మడి వడియాలు. నేను ఎత్తేదాక ఎవ్వరూ మీదికి రావద్దు" అంది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన నరహరి సరేనని తలూపాడు.

నేను తిరుగుతూనే ఉన్నాను. గాలి మాత్రం కదల్లేదు. కింద పసుపు నీళ్లు రెండు వైపులా సమానమయ్యాయి. మూడు రోజుల్లో అంకె మళ్లీ ఆరు వందలు దాటింది. కింది కిటికీలోంచి మాటలు నాదాకా వచ్చేవి.

"పాతది గద, బలం చచ్చినట్టున్నది" అన్నాడు నరహరి.

"నేను ముందే చెప్పిన. దొడ్లె పెరిగినదానికి ఇంటి పని ఎట్ల చేతనైతది?"

అంత అసహ్యం నాకు ఆరేళ్ల కొలువులోనూ కలగలేదు. నా మూతి కట్టినావిడే నన్ను తిడుతోంది!

ఉగాది ముందు రోజు ఆయన అక్క మంచం హాల్లోకి మార్చాడు. అండాళమ్మ మెల్లగా అంది, "తాళం రేపు వెయ్యి. ఇయ్యాల దేవునికి చెప్పుకుంట." నరహరి ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది.

ఆమె వడియాలు ఎత్తడానికి పైకి వచ్చింది. వడియాలు ఎండాయి, ఇక గిన్నె అక్కడ ఉండాల్సిన పని లేదు. తాడు విప్పి గిన్నె లాక్కుంది. నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది. అదే నిమిషంలో కింద గదిలో నా స్విచ్ ఆపడానికి చెయ్యి చాచిన నరహరి, పసుపు నీళ్లు పైకి పాకడం చూశాడు.

"అక్కా! పైన ఏం చేసినవ్?"

"నా గిన్నె నేను తీసుకున్న. అది గూడ నీ మీటరుకు చెప్పాల్నా?"

మడి మరిచిపోయి పరుగున వచ్చాడు. గొట్టం మూతి చుట్టూ గుండ్రంగా ఎండిన పిండి చార. ఆమె చేతిలో గిన్నె. ఆయన పిట్టగోడ మీద కూలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"మూయొద్దని నాకు చెప్పొద్దా?" అంది అండాళమ్మ.

"మీదికి రావొద్దంటివి గద అక్కా."

ఆమె తమ్ముడి భుజాన అంటిన సున్నం దులిపింది, మడిబట్టతోనే.

స్నేహితుడిని బతిమాలి మీటరు ఇంకో రెండు రోజులు ఉంచుకున్నారు. నూట ఐదు చూపింది. మంచం వెనక గదికి తిరిగి వెళ్లింది. నరహరి గొట్టానికి ఆమె చెయ్యి అందనంత పొడుగు ముక్క అతికించాడు. నా మూతికి తగిలిన గిన్నె ఇంక వంటకు పనికిరాదంది ఆమె. దాన్ని ఆయన నా మోటారు మీద వాన పడకుండా కప్పు చేశాడు.

నాకు ఇప్పటికీ ఈ గాలంటే అసహ్యమే. వాన చినుకులు గిన్నె మీద మోగుతుంటే, మట్టి కంపు ఇంకా చిక్కబడి వస్తుంది. మింగుతాను. పొద్దున్నే కింది కిటికీలోంచి అండాళమ్మ గొంతు వస్తుంది.

"నరహరీ, నీ పాయిఖాన ఫ్యాను తిరుగుతున్నదా, చూడు."

"తిరుగుతున్నది అక్కా."

"తిరగనీ" అని ఆమె కుంపటి రాజేసుకుంటుంది.