నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది

నాకు నోటి దురుసు ఎక్కువ. ఈ సంగతి మా ఆయన పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాడు, మిగతావాళ్ళకి కాస్త ఆలస్యంగా తెలిసింది. ప్రోగ్రాం పనిచెయ్యడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే, నా లాప్‌టాప్‌లో బాగానే ఉందని కసిరి పెట్టేసేదాన్ని. మూడు నెలల క్రితం ఆసుపత్రి విచారణ కమిటీ ముందు కూడా అదే మాట అన్నాను. అక్కడ తలవంచుకుని నిలబడ్డది మా ఆడపడుచు.

తను పసిపిల్లల వార్డులో నర్సు. బిడ్డ బరువు కొడితే నిమిషానికి ఎన్ని చుక్కల మందు ఎక్కించాలో చెప్పే ప్రోగ్రాం నేను పైథాన్‌లో రాసిచ్చిందే. రెండు కిలోల లోపు పిల్లలకి అది రెట్టింపు చుక్కలు చూపిస్తోందని నేనే పట్టుకుని, లెక్క మార్చి, రెండో వెర్షన్ పంపాను. అంత చిన్న పిల్లలు ఆ ఆసుపత్రికి రావడం అరుదు. కొత్తది పెట్టిన వారానికే ఒక బిడ్డ వచ్చింది. మందు రెట్టింపు వెళ్ళి మూడు రోజులు చావుబతుకుల్లో ఉండి బయటపడింది.

తెర మీద ఎంత కనిపిస్తే అంతే పెట్టానంది ఆడపడుచు. నేను కమిటీ ముందు లాప్‌టాప్ తెరిచి, అదే బరువు కొట్టి, సరైన లెక్క చూపించాను. వార్డు కంప్యూటర్లో కూడా పైన రెండో వెర్షన్ అనే కనిపిస్తోంది కదా అన్నాను.

"వదినా, ఒక్కసారి వార్డుకొచ్చి మా కంప్యూటర్లో కొట్టి చూడు," అని బతిమాలింది.

నేను వెళ్ళలేదు. ఇంటిపిల్ల కదా, కాస్త చూసి మాట్లాడమని మా ఆయన అంటే, కోడ్‌కి చుట్టరికాలు ఉండవని విరుచుకుపడ్డాను. రోగుల్ని ముట్టుకోకూడదని చెప్పి తనని దుప్పట్ల గదికి మార్చారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చే ఆఖరి విచారణ ఇవాళ నాలుగింటికి.

ఇవాళే, మధ్యాహ్నం, వార్డుకి కొన్న కొత్త కంప్యూటర్లో ప్రోగ్రాం పెట్టడానికి వెళ్ళాను. పెట్టి తెరిస్తే ఎర్రర్. 'డోస్' అనే మాడ్యూల్, అంటే మందు లెక్క ఉండే కోడ్ భాగం, దొరకలేదట. దిక్కుమాలిన పెట్టె అని తిట్టుకుంటూ మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. విసుగొచ్చి, లోపల ఏమేం పడ్డాయో చూశాను. అన్నీ ఉన్నాయి, డోస్ ఫోల్డర్ తప్ప.

ప్యాకేజీలో ఏ ఫోల్డర్లు వెళ్ళాలో రాసే జాబితాలో దాని పేరు నేను రాయనే లేదు. కొత్త లెక్క ఉన్నది అందులోనే. నేనెప్పుడూ నా కోడ్ ఫోల్డర్‌లోనే కూర్చుని నడుపుతాను కాబట్టి, పైథాన్‌కి అది పక్కనే దొరికేది. నాకెప్పుడూ ఎర్రర్ రాలేదు. మతిమరుపు మొద్దునని నెత్తి మీద మొట్టుకున్నాను. అంతవరకూ అది మామూలు పొరపాటే.

జాబితా సరిచేస్తుండగా ఆలోచన తట్టింది. వార్డులో పెట్టిందీ ఈ ప్యాకేజీయే. మరి అక్కడ ఈ ఎర్రర్ ఎందుకు రాలేదు?

వార్డు పక్కనే నర్సుల గదిలో, ఇప్పటిదాకా వాడుతున్న పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఫోల్డర్ తెరిచాను. మొదటిసారి నేను పెట్టిన డోస్ ఫైలు అక్కడే ఉంది. కొత్తది దొరక్క, అదే పేరుతో ఉన్న ఆ పాతదాన్ని పైథాన్ కిక్కురుమనకుండా తీసుకుంటోంది. పైన మాత్రం, ఆ పేరు వేరే ఫైల్లో ఉండబట్టి, రెండో వెర్షన్ అని చూపిస్తోంది. కిలో ఎనిమిది వందలని కొట్టాను. పది రావాలి. ఇరవై వచ్చింది.

దుప్పట్ల గదికి ఎలా వెళ్ళానో తెలియదు. ఆడపడుచు చేతుల నిండా దుప్పట్లతో నిలబడి ఉంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"పొద్దున చిన్న దుప్పటి పంపాను. కిలో ఎనిమిది వందల బిడ్డ చేరిందన్నారు," అంది. "డ్రిప్ మొదలుపెట్టారా, వదినా?"

ఆ మాట నాకు తట్టనే లేదు. తెర మీది అంకె చూశాను గానీ, గోడ అవతల బిడ్డ ఉంటుందని ఆలోచించలేదు.

దుప్పట్లు అక్కడే పడేసి పరిగెత్తింది. వెనక నేను. వార్డులో ఆ బిడ్డకి చుక్కలు గబగబా పడుతున్నాయి. ముట్టుకోకూడదన్న ఉత్తర్వు ఉన్న మనిషి, ట్యూబు మీది చక్రం తిప్పి మందు ఆపేసింది. హెడ్ నర్సు వచ్చి, ఎవరో చూసి కూడా ఏమీ అనలేదు. పెట్టి పది నిమిషాలైందని మాత్రం చెప్పింది. డాక్టరు వచ్చి చూసి, గండం లేదన్నాడు. ఆ కంప్యూటర్ మీద, ఎవరూ వాడొద్దని కాగితం అంటించాను.

నాలుగింటికి కమిటీ వాళ్ళు, లాప్‌టాప్ తెచ్చారా అని నన్ను అడిగారు.

"తేలేదండీ. లేవండి, వార్డు కంప్యూటర్ దగ్గరికే వెళ్దాం. ఈ అమ్మాయి చెప్పింది నిజం. తప్పు నాది."

అందరూ లేచారు. ఆడపడుచు నా వైపు చూడలేదు. దారి చూపిస్తూ ముందు నడిచింది.