పంచనామాకు ముందు

బ్లీచింగు పౌడరు రెండోసారి చల్లేసరికి దానం కళ్ళు మండిపోయాయి. తల పక్కకి తిప్పుకుని, కొబ్బరి పీచుతో సిమెంటు నేలను మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు అది. మిట్టమధ్యాహ్నం కాకుండానే లోపల ఊపిరాడడం లేదు.

పాతికేళ్ళుగా అతని పని ఇదే. రాజోలు చుట్టుపక్కల ఎవరు ఉరిపోసుకున్నా, ఏ ఇంట్లో కత్తిపోట్లు జరిగినా, శవం ఆసుపత్రికి వెళ్ళాక, పోలీసులు పంచనామా రాసుకున్నాక దానానికి కబురొచ్చేది. కడగడంతో అతని పని అయిపోయేది కాదు. తడిసిన చాపా దుప్పటీ ఇంటివాళ్ళ కంటపడకుండా మూటగట్టి తీసుకుపోయేవాడు. లోపలికి అడుగుపెట్టలేక వాకిట్లో కూలబడిన మనిషి పక్కన తనూ కాసేపు కూర్చునేవాడు. "రండమ్మా, నేను ముందు నడుత్తాను" అని తీసుకెళ్ళేవాడు. మూడో రోజున మళ్ళీ వెళ్ళి పలకరించి వచ్చేవాడు.

ఈరోజు మాత్రం పోలీసులింకా రాలేదు. చెరువుల యజమాని బంగారరాజు తనే మోటారుసైకిలు మీద వచ్చి ఎక్కించుకొచ్చాడు.

"కావలివాడు వీర్రాజు ఇంజను మీద పడి పోయేడ్రా. ఆసుపత్రికి పంపించేం. వాళ్ళొచ్చేసరికి శుభ్రంగా ఉండాలి."

"పోలీసులు సూడకుండా కడగొచ్చాండీ?"

"చెప్పింది చెయ్యి."

దానం పాక ఉన్నది బంగారరాజు చేలోనే. మరో మాట అడగలేదు.

చెరువుకి నీళ్ళు తోడే ఇంజను మూలన ఉంది. దాని మీద నెత్తురు చుక్క లేదు. నెత్తురంతా తలుపు దగ్గర ఉంది. తలుపు లోపలివైపు నడుమెత్తు నుంచి కిందికి అరచేతి గుర్తులు జారి ఉన్నాయి. గడియ చూస్తే బయటివైపు మాత్రమే ఉంది. చెరువులో రొయ్యలు ఎవరో ఎత్తుకుపోతున్నారనీ, కావలివాడి మీదే అనుమానమనీ నాలుగు రోజులుగా ఊళ్ళో అనుకుంటున్నారు. నెలకి ఎనిమిది వందల జీతగాడు వీర్రాజు. దానం చెయ్యి ఆగిపోయింది.

"తలుపు కూడా" అన్నాడు బంగారరాజు బయటినుంచి.

దానం తలుపు కూడా కడిగాడు.

పోలీసులు వచ్చారు, తడి నేల చూశారు, బంగారరాజు చెప్పింది రాసుకుని వెళ్ళారు.

మూడో రోజున దానం వీర్రాజు ఇంటికి వెళ్ళలేదు. ఆదివారం చర్చిలో ప్రభు భోజనపు రొట్టె పళ్ళెం తన వరసకి వచ్చేసరికి లేచి బయటికి వచ్చేశాడు. ఒంట్లో బాగోలేదేమోనని భార్య కృపావతి వెనకే వచ్చింది. "ఏం లేదు" అన్నాడు గాని, ఆమె మొహం వంక చూడలేకపోయాడు.

పన్నెండో రోజున అంతర్వేది బస్సెక్కాడు. వీర్రాజు భార్య పాపాయమ్మ గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. అతను తన పేరు చెప్పగానే చాప పరిచింది.

"రా అన్నయ్యా. ఆయన పోయిన సోటు నువ్వే కడిగేవంటగా. ఆకరికి ఓ మంచి సెయ్యి పడింది, అదే సాలు."

దానం నిలబడే ఉన్నాడు.

"ఎంటనే పోయేడంటన్నారు. నిజమేనా అన్నయ్యా? నొప్పి తెలీకుండానే పోయేడా?"

ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న అడిగేవారు. ప్రతి ఇంట్లోనూ అతను "నొప్పి తెలీదమ్మా, నిద్రలో పోయినట్టే" అనేవాడు. ఇక్కడ ఆ మాట నోటికి రాలేదు.

"ఇంజను మీద నెత్తురు లేదమ్మా" అన్నాడు. "తలుపు మీదుంది. కొట్టి, బయట గడేసి ఉంచేరు. తియ్యమని కొట్టుకున్నాడు. ఆ సేతుల గుర్తులు నేనే కడిగేసేను."

పాపాయమ్మ చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"అప్పుడే ఎందుకు సెప్పలేదు?"

"బయపడ్డానమ్మా."

ఆమె వల పక్కన పడేసి, గుడిసె తలుపు దగ్గరగా వేసి రోడ్డు వైపు నడిచింది. దానం వెనకే వెళ్ళాడు.

రాజోలు పోలీసు స్టేషన్లో వాళ్ళు చెప్పిందంతా విని, కేసులు రాసే రైటరు నిట్టూర్చాడు.

"కేసు మూసేసేం దానం. ఇంటికెళ్ళు."

"నేను కడిగింది రాసుకోండి బాబూ."

"సాక్ష్యం చెరిపేనని నీ నోటితో నువ్వే చెప్తే ముందు నిన్నే లోపలేస్తారు. తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"బంగారరాజుగారు నీ పాక ఉండనిస్తారా?"

"ఉండనివ్వరండి."

"మరింకేం, వెళ్ళు."

"ఎళ్ళనండి. రాసుకునేదాకా ఎళ్ళను."

రైటరు అతన్నీ, బల్లకి రెండో చివర కూర్చున్న పాపాయమ్మనీ మార్చిమార్చి చూశాడు. బస్సులోనూ ఆమె దానానికి దూరంగానే కూర్చుంది. ఇప్పుడూ అతని వైపు చూడడం లేదు. బయట అంతర్వేది బస్సు రెండుసార్లు హారను కొట్టి కదిలిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. రైటరు తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. పెన్ను మూత మాత్రం ఇంకా తియ్యలేదు.