ఉప్పునీటి సీసా

ఆసుపత్రి ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా అతనిది ఒకటే పాట: "రోగి ఒంట్లోంచి కోసిన ముక్క మరుక్షణం ఫార్మలిన్‌లో పడాలి. లేదంటే కుళ్లిపోతుంది." కుర్రకారు చాటున అతన్ని ఫార్మలిన్ బాబాయ్ అనుకునేవారు.

ఇప్పుడు అతని ఏడేళ్ల కూతురికే ఒంటినిండా నీటిబొబ్బలు. పగిలిన చోటల్లా దుప్పటి అతుక్కుపోతోంది.

"ఏ జన్మలో చేసిన పాపమో," అంది అత్తగారు.

"దానికి అబద్ధమాడటమే ఇంకా సరిగ్గా రాలేదు అత్తయ్యా. పాపాలదాకా ఎక్కడ?"

కూతురికి మాత్రం ఓపిగ్గా చెప్పాడు. ఒంట్లో రోగాలను తరిమే కాపలావాళ్లుంటారు. వాళ్లే సొంత చర్మాన్ని దొంగనుకుని కొడుతున్నారు.

"వాళ్లకి కళ్లజోళ్లు పెట్టించొచ్చుగా నాన్నా?"

"ముందు వాళ్లు ఎక్కడ కొడుతున్నారో చూడాలి. దానికి కాస్త చర్మం తీస్తారు. ఒక్కసారే. మాటిస్తున్నాను."

అతను కూతుర్ని కదలకుండా పట్టుకుంటే, చర్మవైద్యురాలు రెండు ముక్కలు తీసి, రెండు సీసాల్లో వేసి, నమ్మకంగా అతని చేతికే ఇచ్చింది. ఒకటి అతని ప్రయోగశాలకు. రెండోది పైఊరి పెద్ద ప్రయోగశాలకు. రెండో సీసా మూత తీసి చూస్తే వట్టి ఉప్పునీరు! నర్సు పొరబడిందనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. తనకు తెలియని పనా? ముక్కను పదిలంగా ఫార్మలిన్‌లోకి మార్చి పంపించాడు.

తొమ్మిదో రోజున డాక్టరమ్మ పిలిచింది.

"రెండోదాన్ని ఫార్మలిన్‌లో వేసిందెవరు?"

"నేనేనండి. మీ నర్సు మరిచిపోయిందని..."

"మరిచిపోలేదు. చర్మాన్ని పట్టుకున్న యాంటీబాడీలను వెలిగించి చూసే పరీక్ష అది. ఫార్మలిన్ తగిలాక ఏమీ వెలగదు. మొదటి ముక్కతో జబ్బు తేలలేదు. మళ్లీ తీయాలి."

"తీస్తే తగ్గుతుందాండీ?"

"ఏ జబ్బో తెలుస్తుంది, ఏ మందో తెలుస్తుంది. తగ్గడమంటారా, ఏళ్లు పట్టొచ్చు. తగ్గకపోనూవచ్చు."

పని తెలియనివాడైతే ఒక్క మాట అడిగి ఉండేవాడు.

కూతురి మంచం పక్కన కూర్చున్నాడు.

"బంగారం, మళ్లీ తీయాలట."

"ఒక్కసారే అన్నావుగా!"

"అన్నాను. నేనే పాడుచేశాను."

పిల్ల ఏడవలేదు. అతని చేతులకేసి చాలాసేపు చూసింది.

"అయితే ఈసారి నన్ను అమ్మ పట్టుకుంటుంది. నువ్వు బయటుండు."

మర్నాడు తలుపు మూసుకున్నాక లోపలినుంచి కేక వినబడింది. గడియమీద చెయ్యి వేశాడు. తనను చూస్తే కేక ఇంకా పెరుగుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కడే నిలబడిపోయాడు.