కుక్కా, జడ్జిగారూ ఒకే వరుసలో

మధ్యగోడ పడగొట్టడం తేలికే అయింది. ఇటు అక్క బ్యూటీ పార్లర్, అటు చెల్లెలి కుక్కల ఆసుపత్రి. ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ కలిసి వ్యాపారం చేద్దామనుకోవడమే గొప్ప. ఎందుకైనా మంచిదని గోడ ఇటుకలు మాత్రం పెరట్లో పేర్పించి ఉంచారు.

రెండు కంప్యూటర్లలోని వివరాలను ఒక్కటి చేసే పని అక్క మొగుడి నెత్తిన పడింది. ఇది చెడితే మళ్లీ గోడ లేస్తుంది, ఇంట్లో తనకు మనశ్శాంతి ఉండదు. ఆ సంగతి తలుచుకుంటేనే పాపం అతనికి చెమటలు పట్టేవి.

“నా పట్టికలో ఒక్క గడి తీసినా ఊరుకోనండీ,” అంది భార్య.

“నా దాంట్లోనూ అంతే బావా,” అంది మరదలు.

అసలైతే ఏ గడి దేని గురించో ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చుకోవాలి. ఆ తర్వాతే కలపాలి. అడిగితే గొడవవుతుందని ఆ మహానుభావుడు దగ్గరి దారి పట్టాడు. రెండింట్లోనూ ఫోను నంబరు ఉంది కదా! నంబరు కలిసిన చోటల్లా రెండు వరుసలనూ ఒకే వరుస చేసేశాడు. ఎవరి గడీ పోలేదని మీసం మెలేశాడు.

మర్నాడు పొద్దున్నే, రెండు చోట్లా పాత ఖాతాదారైన రిటైర్డ్ జడ్జిగారు కుక్కతో సహా వచ్చారు. ఆవిడ తన ఫోనుకు ఇక్కడి కంప్యూటరు పంపిన కబురు గట్టిగా చదివారు.

“మేడమ్, మీ జుట్టుకు రంగు వేసే రోజు వచ్చింది. నులిపురుగుల మాత్ర కూడా వేసుకోండి. కిందటిసారి కరిచారు కాబట్టి మూతికి చిక్కం తప్పనిసరి.”

అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక గోడ లేచినట్టే అనుకున్నాడతను. ఇంతలో ఇద్దరూ ఒక్కసారిగా అతని మీదికే తిరిగారు.

“కుక్కనీ మనిషినీ కలిపేస్తావా బావా?”

“బుద్ధుందా అండీ మీకు?”

ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. చిన్నప్పుడు కూడా వాళ్ల మధ్య ఇంత ఐకమత్యం లేదు. తిట్లు తింటూనే అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఈసారి ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మనుషులకో పట్టిక, జంతువులకో పట్టిక, ఏ కుక్క ఎవరిదో చెప్పే లంకె ఒకటి. జడ్జిగారి వరుసలో వయసు ఆరేళ్లని ఉంది. దిద్దబోయాడు.

“అది ముట్టుకోకు నాయనా,” అన్నారు జడ్జిగారు. “అదొక్కటీ సరిగ్గానే ఉంది.”

అక్కాచెల్లెళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని పడీపడీ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ భార్య అంది, “ఏవండీ, పెరట్లో ఆ ఇటుకలు ఎవరికైనా ఇచ్చేయండి.”