నాలుగోది

కొత్తవలస రైల్వే క్వార్టర్స్‌లో జ్ఞానసుందరికి పొద్దున్నే రెండు పనులు. మొగుడికి కేరేజీ కట్టడం, అతనితో పోట్లాడటం. మొగుడు ఏసుదానం రోజూ సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ బిగింపులు సరిచూస్తాడు.

మార్చిలో అతని కడుపులో, కుడివైపు పక్కటెముకల కింద, ఏదో ఆకుపచ్చగా వెలగడం మొదలైంది. కరెంటు పోతే చొక్కాలోంచి కనబడేది. పక్కింటి లక్ష్మణమ్మ చూసి, "లివరే అయ్యుంటాది. మా మరిదికీ ఇలాగే ఎలిగింది" అని, గుప్పెడు కరివేపాకు కోసుకుని వెళ్లిపోయింది.

విశాఖలో స్కాన్ తీసి, లివర్‌లో మూడు కేన్సర్ గడ్డలున్నాయన్నారు.

"నాలుగు," అంది జ్ఞానసుందరి. నాలుగో వెలుగు చుక్క వీపువైపు, ఆవగింజంత. అతను కాళ్లు కడుక్కోడానికి వంగినప్పుడే కనబడుతుంది. స్కాన్ తీసినతను రిపోర్టు వెళ్లిపోయిందన్నాడు. చిన్న డాక్టరు నాలుగని రాసి కొట్టేశాడు. కౌంటర్లో ఇంకో కౌంటర్‌కి వెళ్లమన్నారు.

ఇవతల ఏసుదానం గోల వేరు.

"కోత లేకుండా కొత్త ఇంజెక్షన్లు వచ్చేయట. మన ఒంట్లో బలమే గడ్డని తినేస్తాదట."

"ఎవులు సెప్పేరు?"

"ఫోన్లో సూసేను."

"అయితే ఆ ఫోన్నే అడుగు, నీకు గంజి కాసి పెడతాదేమో!"

సర్జన్ భారతి ఓపిగ్గా చెప్పింది. ఆ ఇంజెక్షన్లు నిజమే, అవసరమైతే తర్వాత వాడతారు. ఇప్పుడైతే రెండు గడ్డలు కోసి తీయొచ్చు, మూడోదాన్ని సూదితో కాల్చేయొచ్చు. మిగిలిన లివర్ మళ్లీ పెరుగుతుంది. ఏసుదానం ఎట్టకేలకు తలూపాడు.

"మరి నాలుగోది?" అంది జ్ఞానసుందరి.

"వెలుగు చాలామందికి ఉంటుందమ్మా. కానీ స్కాన్‌లో మూడే ఉన్నాయి."

ఆపరేషన్ రోజు పొద్దున్న ఒప్పుకోలు సంతకానికి కాగితం ఇచ్చారు. మూడు గడ్డలని ఉంది. జ్ఞానసుందరి పెన్ను కింద పెట్టేసింది.

"నాలుగని రాస్తేనే సంతకం."

నర్సు తల పట్టుకుంది. స్ట్రెచర్ మీంచి ఏసుదానం, "ఒసే, పెట్టీయే. ఆకలేస్తంది" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్యి!"

టోపీ పెట్టుకుని భారతి బయటికొచ్చింది.

"రెండు నెలల్నుంచి సెప్తన్నాను మేడమ్. ఒక్కులైనా ఇన్నారా? లోపల ఒక్కసారి లైట్లు ఆపి, ఎనకనించి సూడండి. అంతే అడుగుతన్నాను."

భారతి పెన్ను తీసుకుని, మూడు కొట్టేసి, తనే నాలుగని రాసింది. జ్ఞానసుందరి సంతకం పెట్టింది.

ఐదు గంటల తర్వాత భారతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"లైట్లు ఆపి చూశాం. వెనకాల, పెద్ద రక్తనాళాన్ని దాదాపు ఆనుకుని ఉంది. ఇంకో రెండు నెలలు పోతే కత్తి పెట్టే వీలుండేది కాదు."

"నాలుగూ పోయేయా?"

"నాలుగూ."

స్కానతనికి, చిన్న డాక్టరుకి, కౌంటర్లవాళ్లకి అనాలని జ్ఞానసుందరి చాలా మాటలు దాచిపెట్టుకుంది. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

"ఇంత ఆసుపత్రిలో ఒక కుర్చీ లేదేటి? పొద్దున్నించి నిలబడే ఉన్నాను," అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

భారతి వెళ్లి, తనే కుర్చీ తెచ్చి వేసింది.